మగ్గం మీద ఉన్నంతసేపు

గద్వాలలోని మా ఇంటికి సెల్‌ఫోన్ వచ్చిన కొద్దిరోజులకే ఒక చీర చెడిపోయింది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట ప్రతి వరుసలోనూ పోగును పోగుతో చేత్తో మెలిపెట్టి కలపాలి. అందుకే మగ్గానికి ఆ కొసన అమ్మ, ఈ కొసన నాయన కూర్చునేవారు. ఆ రోజు నాయన ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నేత పని ఇచ్చే షావుకారుతో మాట్లాడుతూనే నేశాడు. మగ్గం మీద బిగువుగా ఉన్నప్పుడు ఏమీ తెలియలేదు. దింపి మడత పెడుతుంటే అంచుకూ ఒంటికీ నడుమ సందు కనిపించింది. అమ్మ అందులో వేలు దూర్చి చూపించింది.

"మాటలు మంచిగనే నేసినవ్. చీరనే ఇడిసిపెట్టినవ్," అంది.

నాయనకు ఆ మాట తగిలింది. అప్పటికే ఆ ఫోన్ మా అందరి నెత్తికెక్కి కూర్చుంది. క్రికెట్ స్కోరు, రాశిఫలాలు, పాటలు పెట్టుకోమని పిలిచే రికార్డు గొంతు, ఎవరెవరో పంపే జోకులు. అది టింగుమంటే చాలు, నేను పుస్తకం పడేసి ఉరికేదాన్ని. మర్నాటి నుంచి నాయన మగ్గం ఎక్కేముందు ఫోన్ ఆపేసి గూట్లో పెట్టసాగాడు.

"ఫోన్ కొని పండవెట్టేటోన్ని నిన్నే చూసిన," అని చిన్నాయన ఆటపట్టించాడు. నాయన నవ్వి మగ్గం ఎక్కాడు. నాకు మాత్రం నామోషీగా ఉండేది.

ఆ ఎండాకాలం వనపర్తిలో ఉండే మేనత్తను దవాఖానలో చేర్చారు. తల్లి పోయాక నాయనను పెంచింది ఈ అక్కే. ఆయన వెళ్లి చూసి, తగ్గుతోందంటే తిరిగొచ్చి పనిలో కూర్చున్నాడు. ఒకనాడు మధ్యాహ్నం అన్నానికి లేచి ఫోన్ ఆన్ చేయగానే మోగింది. అత్త కొడుకు.

"పొద్దుగాల నుంచి చేస్తున్న మామా. జర తమ్మునితోని మాట్లాడియ్యమని ఒక్కతీరుగ అడిగింది. ఇప్పుడు మాట పడిపోయింది."

మేం వెళ్లేసరికి అత్తకు ఊపిరి ఒక్కటే ఆడుతోంది. నాయన ఆమె చెవి దగ్గరికి వంగి, "అక్కా, నేనొచ్చిన," అన్నాడు. విన్నదో లేదో తెలియదు. పొద్దుగూకేలోపు పోయింది.

నాయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చీర కోసం ఇంత పట్టింపు ఏమిటని లోలోపల తిట్టుకున్నాను.

దినాలయ్యాక అమ్మే ఫోన్ తెచ్చి మగ్గం పక్కన పెట్టింది. "ఇక్కడనే ఉండని," అంది. నాయన దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆపకు బిడ్డా. నువ్వే ఎత్తు. మనిషికి బాగలేదంటేనే నన్ను పిలువు. మిగిలినయి నాకొద్దు."

ఆ సెలవులంతా నేను గుమ్మంలో కూర్చుని ఫోన్ ఎత్తాను. పాటలవాళ్ల ఫోనైతే పెట్టేసేదాన్ని. షావుకారు చేస్తే, "మగ్గం మీదున్నడు, దిగినంక చేస్తడు," అని చెప్పేదాన్ని. నేత చెడలేదు. కానీ అది మోగిన ప్రతిసారీ నాయన చేతులు ఆగేవి. అవతలి కొసన అమ్మ చేతులూ ఆగేవి. ఆయన తల తిప్పి నా ముఖంలోకి చూసేవాడు. ఏం లేదని నేను తల ఊపాకే మళ్లీ పోగు అందుకునేవాడు. ఆయన ఎవరి పిలుపు కోసం ఆగుతున్నాడో మా ముగ్గురికీ తెలుసు. ఆమె ఇక పిలవదనీ తెలుసు.