ఎక్కింది దిగుతుంది

పచ్చి అల్లం వాసన ముక్కుతో ఆగదు. గొంతులోకి దిగి ఛాతీ దాకా వెళ్తుంది. నిన్న సాయంత్రం మా బస్సు చిరాగ్‌పల్లి దగ్గర ఆగినప్పుడు పక్కనే అల్లం బస్తాల లారీ నిలబడింది. తడిమట్టితో కలిసిన ఆ ఘాటు కిటికీలోంచి రాగానే నా వేళ్ల చివర్లు సన్నగా తిమ్మిరెక్కాయి. సుగుణ మేడం గుర్తొచ్చారు.

హైవే పక్కనున్న మా స్కూలుకు ఆవిడ ప్రిన్సిపాల్. రాయికోడ్ వైపు రైతు కుటుంబం. మా ఆయనకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో కాకినాడ నుంచి జహీరాబాద్ వచ్చిపడ్డ నేను అక్కడ సోషల్ చెప్పేదాన్ని. మేడంకూ నాకూ ఏ విషయంలోనూ పడేది కాదు, అందులోనే మాకు సరదా. ఏ మీటింగైనా నేను అభ్యంతరం చెప్పేదాకా ముగిసేది కాదు. ఎవరైనా లేవబోతే, "వసంతమ్మ ఇంకా కొట్లాడలే, జర ఆగున్రి" అనేవారు మేడం.

అలాంటి నాకు ఒకరోజు, ఇదే రోడ్డు మీద అల్లం లారీ వెనక బస్సు ఇరుక్కున్నప్పుడు, ఊపిరి అందలేదు. గుండె దడదడ, చేతులు తిమ్మిరి, చచ్చిపోతున్నానన్న నమ్మకం. అనుమానం కాదు, నమ్మకమే. బస్సు దిగి ఆటోలో ఆసుపత్రికి వెళ్తే ఈసీజీ తీసి గుండె బాగుందన్నారు. మళ్లీ వచ్చింది, మళ్లీ బాగుందన్నారు. దీన్ని పానిక్ అటాక్ అంటారని డాక్టర్ చెబితే, అంటే నేను నాటకం ఆడుతున్నానా అని ఆయనతోనే గొడవ పెట్టుకున్నాను. మా ఆయన గ్యాస్ అన్నారు. మా అత్తగారు దిష్టి తీశారు. నేనేమో నేరమంతా అల్లానిదేనని తేల్చి దాన్ని వంటింట్లోంచి వెళ్లగొట్టాను. అల్లం పండే ఊళ్లో అల్లం లేని టీ తాగిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. అయినా అది మానలేదు. చివరికి బస్సంటేనే భయం పట్టుకుంది. బస్సు లేకపోతే బడి లేదు. బడి లేకపోతే ఆ ఊళ్లో నాకంటూ ఒక చోటు లేదు. అది తెలిసీ, ఉద్యోగం మానేస్తానని మేడంతో చెప్పడానికి వెళ్లాను.

ఆవిడ బతిమాలలేదు. "మానేస్తె మానేయ్. గుండె చూపించినవు, మంచిగున్నదన్నరు. మరి ఒక్కటి చెప్పు. ముందుగాల ఏది మొదలైతది, దమ్మాడకపోవుడా, చేతుల తిమ్మిరా?"

అందరూ తీర్పులు చెప్పారు గానీ, అసలది ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు. నేనూ గమనించలేదు. మేడం చూపులో జాలి లేదు. పక్కింట్లోకి కొత్తగా ఎవరొచ్చారో తెలుసుకోవాలన్నంత కుతూహలం మాత్రం ఉంది. అప్పుడు తన సంగతి చెప్పారు. ఆవిడకూ ఇలాంటిదే మొదటిసారి వచ్చింది పొలంలో, మోటరు నడుస్తుండగా. ఆ చప్పుడే కారణమనుకుని చాలాకాలం పొలం వైపే వెళ్లలేదట. "మోటరుకేం తెలుసు పాపం. నేను దాని మీద కేసు పెట్టిన, నువ్వు అల్లం మీద పెట్టినవు" అన్నారు.

మర్నాడు కారు ఇంట్లో వదిలేసి నాతో బస్సెక్కారు. సగం దారిలోనే అది వచ్చేసింది. దిగిపోతానని లేచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు, దేవుణ్ణి తలుచుకోమనలేదు. కండక్టర్ అడిగినట్టు, "ఎక్కడి దాక?" అన్నారు. గొంతు దాకా అన్నాను. ఊపిరి మెల్లగా వదలమని, వదులుతూ దాన్నే చూడమని చెప్పి, మళ్లీ అడిగారు. చెవుల దాకా అన్నాను, ఏడుపు గొంతుతో.

"ఇంక పైకి పోనీకి జాగ లేదు. ఎక్కింది దిగకుండ ఏ బస్సుల ఉంటది?"

ముందు సీటాయన వెనక్కి తిరిగి, ఎవరు దిగాలమ్మా, బస్సు ఆపమననా అని అడిగాడు. "వద్దన్నా, అదే దిగుతది" అన్నారు మేడం. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చూశాను. చెవుల్లో హోరు తగ్గింది, తర్వాత గొంతు వదులైంది, చివరికి వేళ్లు నావయ్యాయి. అది దిగడం నేనెప్పుడూ చూడలేదు. ప్రతిసారీ అది దిగేలోగా నేనే బస్సు దిగి పారిపోయేదాన్ని.

దాంతో అంతా అయిపోలేదు. మేడం నన్ను మళ్లీ డాక్టర్ దగ్గరికి పంపారు, ఈసారి పోట్లాడకుండా ప్రశ్నలడిగాను. కౌన్సెలింగుకూ కొన్నాళ్లు తిరిగాను. ఇంత తెలిసిన మీకు పూర్తిగా పోయిందా అని ఒకసారి మేడంనే నిలదీశాను. "యాడ పోతది? సుట్టం లెక్క అప్పుడప్పుడు వస్తది. ఛాయ్ పొయ్యాలె, గంతే" అన్నారు.

మేడం ఇప్పుడు లేరు. నిన్న ఆ లారీ పక్కన, తిమ్మిరెక్కిన వేళ్లను చూసుకుంటూ "ఎక్కడి దాక?" అని అడిగాను. నాది ఇప్పటికీ కాకినాడ యాసే, ఆ ఒక్క మాట మాత్రం చివర దీర్ఘం తీయకుండా మేడం అన్నట్టే అంటాను. కాస్త పైకే అన్నట్టున్నాను, పక్క సీటావిడ తననే అడిగాననుకుంది.

"జహీరాబాద్ దాక అక్కా. మీరు?"

నేనూ అక్కడే దిగుతానన్నాను. నా వేళ్లలోది మాత్రం ఊరు రాకముందే దిగిపోయింది.