మందుల షాపు రాజాత్తి

తమిళనాడు కోవిల్‌పట్టిలో తలనొప్పి మాత్రకు వెళ్లినా సరే, రాజాత్తి మన ఇంటి సంగతులన్నీ లాగందే పొట్లం చేతికివ్వదు. చదివింది తొమ్మిదో తరగతే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు చేసి, తర్వాత మందుల షాపులో చేరింది. డాక్టర్ల గొలుసురాత ఆమెకు మంచినీళ్ల ప్రాయం. చీటీ చూసి, "ఇది కాక ఇంకేం మింగుతుండావు? సిగ్గుపడొద్దు, నేనేం పోలీసును కాదు" అని నవ్వుతుంది.

పక్కింటి అంతోణి పోయినప్పటి నుంచీ ఈ అలవాటు. లారీ డ్రైవరతను. డాక్టరు రాసిన నిద్రమాత్రలు రాజాత్తి దగ్గరే కొనేవాడు. లారీ స్టాండులో చాటుగా అమ్మే నొప్పి మాత్రలూ వాడుతున్నాడని ఆమెకు తెలీదు. ఒక మధ్యాహ్నం రెండూ వేసుకుని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. రెండూ కలిసి ఊపిరి ఆపేశాయన్నారు ఆసుపత్రిలో. అడిగుంటే చెప్పేవాడేమోనని రాజాత్తి వారం రోజులు ముద్ద మింగలేకపోయింది.

పోయిన ఆవణిలో, అంటే మన శ్రావణంలో, మేనమామ పొన్నయ్య కూతురు సంగవి పెళ్లికి విరుదునగర్ వెళ్లింది. పొన్నయ్య మిరప మండీలో మూటలు మోస్తాడు. తాళి కట్టడం కాగానే ఆయన కుర్చీలోనే గుర్రు పెట్టాడు.

"కూతురి బరువు దిగింది, నిద్ర పట్టింది!" అని అందరూ నవ్వారు.

రాజాత్తి మాత్రం నవ్వలేదు. గురక మధ్యమధ్యలో ఆగిపోతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. "మామా!" అని చెంప మీద ఒక్కటిచ్చింది. కదల్లేదు. జేబు తడిమితే నరాల నొప్పికి డాక్టరిచ్చిన మాత్రల అట్ట, దాని కిందే పేరూ ఊరూ లేని తెల్లమాత్రల పొట్లం.

"మేళం ఆపండి! 108కి ఫోన్ కొట్టండి!" అని అరిచింది. ఆయన్ని నేల మీదికి దించి, పక్కకు తిప్పి, అంబులెన్సు వచ్చేదాకా ముక్కు దగ్గర చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రిలో అట్టా పొట్లమూ డాక్టరు ముందు పెట్టింది. అవి చూసి ఆయన వెంటనే విరుగుడు సూది వేశాడు.

సాయంత్రానికి పొన్నయ్య గొంతు పెగిలింది. "పాయసం అందరికీ చాలిందా, బిడ్డా?"

"పాయసం చాలింది మామా. నీ ఊపిరే చాలకపోయింది."

నర్సులు కూడా నవ్వేశారు. మండీ దగ్గర చాటుగా కొన్న నొప్పి మాత్రలు రోజంతా నిలబడాలని నాలుగు ఎక్కువ మింగానని పొన్నయ్య తలొంచుకుని ఒప్పుకున్నాడు. ఆ తెల్లమాత్రలు ఆ రోజుతో సరి. మూటలు మానేసి ఇప్పుడు మండీలో కాపలా పని చేస్తున్నాడు.

పెళ్లి ఫోటోగ్రాఫరు కెమెరాకు చిక్కిన ఆ చెంపదెబ్బ మాత్రం ఆల్బంలోకి ఎక్కింది. చుట్టాలొస్తే పొన్నయ్య సంగవి తాళి ఫోటో కంటే ముందు అదే తీసి చూపిస్తాడు.