కొమురయ్య కాక కర్ర చప్పుడు

గుట్టలను నిలిపి, వాటి గుహల్లో మృగాలకూ వాటి పాదాల దగ్గర మనుషులకూ చోటిచ్చిన సృష్టికర్తకు స్తోత్రం. ఇచ్చిన ఊపిరిని తిరిగి అడిగే హక్కు ఆయనదే.

ఈ మాట నోటితో అనగలుగుతున్నాను గానీ మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. మా సంఘపెద్ద కొమురయ్య కాక పోయిన మంగళవారం ప్రభువునందు నిద్రించారు. ఆదివారం ఆరాధనలో నా పక్కన కూర్చుని, దగ్గుకుంటూనే పాడిన మనిషి. దవాఖాన నుంచి ఫోన్ వస్తే "ఏ కొమురయ్య?" అని అడిగాను. రామగిరి గుట్ట కింద మాకు కొమురయ్య ఒక్కరే అని తెలిసి కూడా.

ఉద్యోగమంతా ఆయనది భూగర్భంలోనే. బొగ్గు గనిలో పనికి దిగేముందు కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి బండ గట్టిదో కాదో చెప్పేవారు. రిటైరయ్యాక అదే అలవాటుతో గుట్ట ఎక్కారు. సీతాఫలాలకూ తునికాకుకూ పోయేవాళ్ల ముందు నడుస్తూ, ప్రతి పొద దగ్గర, ప్రతి మలుపులో బండను మూడుసార్లు కొట్టేవారు. "బొగ్గు బాయిల మనం కప్పు మాట ఇనాలె. గుట్ట మీద గుడ్డెలుగు మన మాట ఇనాలె. మనం వస్తున్నమని ఎరుకైతే దాని తొవ్వన అది పోతది" అనేవారు.

ఆయన భార్య రాజవ్వ ఎక్కిరించేది. "బాయి పని ఒడిసింది గాని కర్ర ఇడువలేదు. ఇంట్లకు వచ్చేటప్పుడు గూడ గడప కొడ్తడు, నేనే గుడ్డెలుగునన్నట్టు."

"ముందుగల్ల ఎరుక చేసుడు మంచిదే గదనే" అని కాక నవ్వేవారు.

సంఘంలో వాక్యం చెప్పే నేను మాత్రం ఆ కర్రను లెక్కచేయలేదు. రెండేళ్ల కింద ఉపవాస దినాల్లో, తెల్లవారగానే ఒంటరిగా గుట్టెక్కి మౌనంగా ప్రార్థించేవాణ్ణి. మౌనంలోనే భక్తి ఎక్కువని నా నమ్మకం. అందులో కొంత గర్వమూ ఉంది. ఒక ఉదయం బండ మలుపు తిరగగానే చెదలపుట్ట తవ్వుతున్న తల్లి ఎలుగు ఎదురైంది. వీపు మీద పిల్ల. నాకంటే అదే ఎక్కువ బెదిరింది. నా ఎడమ చేయి చీల్చి, పిల్లతో పొదల్లోకి పారిపోయింది.

ఊరికి కోపమొచ్చింది. ప్రార్థనకు పోయిన మనిషి మీద పడిందంటే సైతాను పనే అన్నారు. అది నడిచే దారిలో కరెంటు తీగ పెట్టడానికి సిద్ధమయ్యారు. నేను వద్దనలేదు. కాక వచ్చి దవాఖానలో నా మంచం పక్కన కూర్చున్నారు.

"సప్పుడు చేసినవా బిడ్డా?"

"లేదు కాకా. మౌన ప్రార్థన."

"దేవునికి మనసుల అనుకున్నా ఇనవడ్తది. గుడ్డెలుగుకు ఇనవడదు గదా. గీ ముచ్చట సంఘంల నువ్వే చెప్పాలె. నువ్వు చెప్పకుంటే తల్లీ సస్తది, పిల్లా సస్తది. రేపు ఆ తీగ మీద మనోళ్లే కాలు వెడ్తరు."

చేతికి కట్టుతో సంఘం ముందు నిలబడ్డాను. వాక్యం చెప్పిన నోటితో నా తప్పు చెప్పుకోవడం గాయం కంటే నొప్పిగా ఉండింది. ఆ సాయంత్రమే తీగ చుట్ట చుట్టారు. ఆ వానాకాలం తర్వాత తల్లీపిల్లా కలిసి గుట్ట దాటడం మా వాళ్లు చాలామంది చూశారు.

బుధవారం కాకను సమాధుల తోటకు మోసుకెళ్లాం. ఆ తోట గుట్ట అంచునే ఉంది. దుఃఖంతో ఎవరికీ నోరు పెగలలేదు. పొదల మలుపులో రాజవ్వ ఆగింది. ఆమె చేతిలో ఆయన కర్ర. బండను మూడుసార్లు కొట్టింది.

"గిట్ల సప్పుడు లేకుంట పోతే ఆయన ఊకుంటడా? పాడుండ్రి."

ఏడుస్తూనే గట్టిగా పాడాం.

ఆ కర్రను రాజవ్వ నా చేతికిచ్చింది. నిన్న పొద్దున గుట్టెక్కుతూ మొదటి మలుపులో బండను కొట్టాను. ఆయన కొట్టినట్టు మోగలేదు. ఇక మోగదు కూడా. అయినా కొట్టుకుంటూనే నడిచాను.

ప్రియులారా, రాజవ్వకు ఆదరణ కలగాలని, గుట్ట కింది మనుషులూ గుట్ట మీది ప్రాణులూ క్షేమంగా ఉండాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి. కాస్త పైకి వినబడేటట్టే ప్రార్థించండి.