ఆదివారం మాత్రమే చూపించే ఇల్లు

నేను అడిగిన ఒక్క ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. నా ఆఫీసు గచ్చిబౌలిలో ఉంది. అక్కడ ఇల్లు కొనే స్తోమత లేక, చవగ్గా వస్తుందని మియాపూర్ అవతల ఒక ఫ్లాట్ చూశాను. బ్రోకర్ ఆదివారం పొద్దున్నే ఆఫీసు దగ్గర నన్ను కారెక్కించుకున్నాడు.

"ఇరవై నిమిషాలేనండి, మీరే వాచీ చూసుకోండి," అన్నాడు.

చూసుకున్నాను, నిజమే. సోమవారం తొమ్మిదింటికి మళ్లీ చూపించమన్నాను.

"సోమవారం ఓనరు గారు ఉండరండి."

ఓనరు ఆదివారమూ లేడు. తాళం తీసింది వాచ్‌మన్. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

సోమవారం పొద్దున నేనే బైక్ మీద అక్కడికి వెళ్లాను. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"అందరికీ ఐతారమే చూపిస్తరు సార్. సోమారం సంగతి కొన్నంక ఎర్కైతది."

తొమ్మిదింటికి అక్కడి నుంచి బయల్దేరితే, ఆ ట్రాఫిక్‌లో ఆఫీసుకు చేరడానికి గంటా పది నిమిషాలు పట్టింది.

బ్రోకర్ ఇప్పటికీ అడ్వాన్స్ కోసం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. సోమవారం అనగానే మాత్రం, "హలో, సరిగ్గా వినపడట్లేదండి," అంటాడు. నేను మరిచిపోయే మనిషిని కాను. సోమవారం తొమ్మిదింటికి ఆ ఇంటి ముందు నన్ను అదే కారులో ఎక్కించుకుని ఆఫీసు దగ్గర దింపుతారా, లేదా? ముందు దానికి జవాబు చెప్పండి.