కొక్కెర వచ్చిన ఏడు నాయనమ్మ బేరం

నా చిన్నప్పటి కోరుట్ల అంగట్లో మా నాయనమ్మంత నోరున్న మనిషి ఇంకొకరు లేరు. నాటుకోళ్లు అమ్మేది. బేరమాడేవాళ్లను కసిరేది, ఇంకో మాటంటే పొమ్మనేది. అయినా అందరికంటే ముందు ఆమె గంపే ఖాళీ అయ్యేది. తియ్యగా మాట్లాడితేనే వ్యాపారం సాగుతుందని ఇప్పటి పిల్లలు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మొదటి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఎండాకాలం అది. బందులతో బస్సులు నిలిచిపోయాయి, అంగళ్లు సాగలేదు. నాయన పోయినప్పటి నుంచి మా ఇల్లు కోళ్ల మీదే నడిచేది. తాగే జొన్న గట్క కూడా పలచబడింది. చాలా రోజులకు అంగడి జరుగుతుందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా ఆ పొద్దునే మా కోళ్లలో ఒకటి మెడ వాల్చింది. కొక్కెర రోగం. ఒకదానికి సోకితే దొడ్డంతా ఊడ్చుకుపోతుంది.

మిగతావి ఇంకా చక్కగానే తిరుగుతున్నాయి. వాటినైనా అమ్ముదామని అమ్మ కాళ్లావేళ్లా పడింది. నాయనమ్మ వినలేదు. ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని, నా రెక్క పట్టుకొని అంగడికి నడిచింది.

అక్కడ ఆమె పక్కన కూర్చునే కోళ్లాయన గంపలోనూ రోగం ఉంది. వాలిన కోడికి మిరియాల నీళ్లు పట్టి, అది కాస్త కళ్లు తెరవగానే అమ్మకానికి పెడుతున్నాడు. నాయనమ్మ తన చోట కూర్చొని వచ్చినవాళ్లందరికీ వినిపించేలా అరిచింది.

“నా కోళ్లకు కొక్కెర అచ్చింది. ఇయ్యాల గీ అంగట్ల కోడి కొనకుండ్రి. కొన్నా మీ కోళ్లల్ల కలుపకుండ్రి.”

కోళ్లాయన లేచి ఆమె గంపను ఒక్క తన్ను తన్నాడు. “బందులతోనే సస్తున్నం, నీదింకో బందా ముసల్దానా! కోసుకొని తినేటోళ్లకు రోగంతోటి ఏం పని?”

“పెంచుకునేటోళ్లు గూడ కొంటున్నరు. ఆళ్ల దొడ్లు నువ్వు నింపుతవా?”

మిగతా కోళ్లవాళ్లూ మీదపడ్డారు. ఒకడు పేడ విసిరాడు. చుట్టూ నవ్వినవాళ్లే ఎక్కువ. నాకైతే నాయనమ్మ మీదే అసహ్యం పుట్టింది, మా కడుపులు మాడ్చి ఊరివాళ్ల కోళ్లను కాపాడుతోందని. ఆమె చెంపకంటిన పేడను కొంగుతో తుడుచుకొని, అంగడి లేచేదాకా అరుస్తూనే ఉంది.

కొద్దిరోజుల్లోనే మా దొడ్డి ఖాళీ అయింది. చచ్చినవాటిలో ఒక్క కోడినీ వండనివ్వకుండా అన్నిటినీ నాయనమ్మ గుంత తీసి పూడ్చింది. వానలు పడ్డాక అత్తాకోడళ్లిద్దరూ నాట్లకు కూలికి పోయారు. ఇంట్లో మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కోళ్లాయన అమ్మిన కోళ్లు ఏ ఇళ్లకు పోయాయో ఆ ఇళ్ల దొడ్లన్నీ బోసిపోయాయి. ఆ తర్వాత ఆయన గంప దగ్గర ఎవరూ ఆగలేదు. నాకు సంబరమైంది, ఇప్పటికీ జాలి లేదు.

ఒకరోజు కల్లు గీసేవాళ్లింటి కోడలు పెట్టను చంకన పెట్టుకొని మా గడపలోకి వచ్చింది.

“ఆనాడు నీ మాటిని కొనకపోతిమి అత్తా. మా దొడ్డి మిగిలింది. ఇది పాలుకు పెట్టుకో. పిల్లలైతే నీకు సగం, నాకు సగం.”

నాయనమ్మ దాని రొమ్ము తడిమి చూసి, ఇంత బక్కగా పెంచుతారా అని ఆమెను తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

ఇప్పుడు సిరిసిల్లలో నాదీ కోళ్ల దుకాణమే. ఒక్క కోడి తల వాల్చినా ఆ పూట తాళం వేసి, ఎందుకు వేశానో వచ్చినవాళ్లందరికీ చెబుతాను. పక్క దుకాణాలవాళ్లు బూతులు తిడతారు. తిట్టనీ.