హిమాలయానికి గంజి ఎక్కువ

గండయ్య పుట్టి యాభై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఏ బట్టనైనా పట్టుకుని "మంచిగున్నది" అన్న పాపాన పోలేదు.

ఇంటికో మగ్గం ఉన్న మా ఊళ్లో కొత్త బట్ట కట్టుకున్నవాడు గండయ్య ఇంటి ముందు నుంచి పోయేవాడు కాదు. చుట్టుదారిన, తుమ్మకంపలు తొక్కుకుంటూ పోయేవాడు. కంపలో బట్ట చిరిగినా నయమే, గండయ్య చేతికి చిక్కకూడదు. చిక్కితే మనిషి ముఖం చూడకముందే ఆయన చెయ్యి చొక్కా అంచు మీదికి పోయేది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపేవాడు. గోటితో పోగులు లెక్కపెట్టేవాడు. తర్వాత కింది పెదవి ఎడమ పక్కకు వంకర తిరిగేది. ఆ వంకరే తీర్పు. దాని మీద హైదరాబాదు హైకోర్టులో కూడా అప్పీలు లేదు.

ఓసారి పీటల మీద కూర్చున్న పెండ్లికొడుకు ధోవతి పట్టుకుని, "గిది ధోతా, చేపలు పట్టే వలా?" అన్నాడు. మగపెళ్లివారు లేచి నిలబడ్డారు. వాళ్లను కూర్చోబెట్టడానికి రెండోసారి భోజనాలు వడ్డించవలసి వచ్చింది. యాభైయేడు ఎలక్షన్లలో ఓట్లడగడానికొచ్చిన ఖద్దరు పెద్దమనిషి రెండు చేతులూ జోడిస్తే, గండయ్య అందులో ఒక చేతిని పట్టుకుని చొక్కా మడత నలిపాడు. "అయ్యా, గిది ఖద్దరు గాదు, మిల్లు నూలు. మిమ్ముల ఎవడన్న మోసం చేసిండా, మీరే మమ్ముల చేస్తున్నరా? జర చెప్పున్రి." పెద్దమనిషి మళ్లీ మా ఊరి ముఖం చూడలేదు. ఆ ఎలక్షన్లలో ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

సొంత మామ చనిపోతే శవం మీది గుడ్డను కూడా వదల్లేదు. "గింత పల్చటిదా? ముసలాయన చలికి ఆగేటోడు కాదు" అన్నాడు. ఏడుస్తున్న నర్సింగమ్మ ఏడుపు ఆపి మొగుడి వైపు తిరిగింది. "మా నాయినకు ఇగ చలేందయ్యా? నీ నోట్ల మన్నువడ!" అని, ఆ పని పూర్తిచేసుకుని, మళ్లీ ఏడుపు అందుకుంది.

నర్సింగమ్మ గండయ్య భార్య. పెళ్లినాడు తెర తీయగానే ఆయన ఆమె ముఖం చూడలేదు, చీర అంచు చూశాడు. ఆమెతో మాట్లాడిన మొదటి మాట, "అంచు గుంజుకపోయింది." ఆ సంగతి ఆమె ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెబుతూనే ఉంది. "ఆ పొద్దే మా అవ్వగారింటికి పోతుంటి. బస్సు లేక ఆగిన" అంటుంది. ఇప్పుడు ఊరికి బస్సు వచ్చింది. ఆమె మాత్రం కండెలు చుడుతూ ఇక్కడే ఉంది. పొద్దున లేచి ఆమె నూలు కండెలు చుట్టి ఇస్తే, ఆయన వాటిని నాడెలో పెట్టి నేస్తాడు. నేసేముందు ఒక్కో కండెనూ పట్టి చూసి పెదవి వంకర తిప్పుతాడు. ఆమె తిడుతుంది. ఆ తిట్టు పడ్డాకగాని మగ్గం నడవదు.

గండయ్యకు ఇద్దరే స్నేహితులు. పక్కింటి మారయ్య నేతగాడు. ఇస్రాయేలు మగ్గాలు చేసే వడ్రంగి. ముగ్గురూ చిన్నప్పుడు ఒకే బడి నుంచి ఒకే రోజు పారిపోయారు. అంతకు మించిన స్నేహం మా ఊళ్లో ఎవరికీ లేదు. అరవైలో సర్కారువాళ్లు నేపాల్ దేశంలో నేత నేర్పే బడి పెడుతున్నామని, మారయ్యను నేర్పడానికీ, ఇస్రాయేలును మగ్గాలు చెయ్యడానికీ ఖాట్మండుకు పంపారు. బడి నుంచి పారిపోయిన ఇద్దరు పంతుళ్లయ్యారని ఊరు నవ్వింది. మారయ్య మగ్గం మీద ఇక్కడ ఆయన భార్య అండాలు కూర్చుంది. గండయ్య నెలకోసారి ఆ ఇంట్లోకి దూరేవాడు. "గిది నేతనా, కోడి కెలికిందా?" అని ఒకసారి ఆమెను మగ్గం మీంచి లేపి, నాలుగు రోజులు తానే కూర్చుని నేశాడు. అండాలు ఆ నాలుగు రోజులూ దుప్పటి కప్పుకుని పడుకుని ఆయనను తిట్టింది.

రెండేళ్లు గడిచాక ఖాట్మండు నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అందులో ఒక తువ్వాలు, ఒక ఉత్తరం. అండాలు ఉత్తరం చదివించుకుంది. "వచ్చే నెల పెద్ద దొరలు నా నేత చూడ వస్తున్నరు. నచ్చితే ఇంకో రెండేండ్లు ఉండుమంటరు. లేకుంటే పనికిరానోడని వాపసు పంపుతరు. ఈ తువ్వాల నా చేత్తో నేసిన. గండయ్యకియ్యున్రి. జన్మల ఒక్కసారన్న మంచిగున్నదంటడేమో సూడున్రి."

గండయ్య తువ్వాలు అందుకున్నాడు. నలిపాడు. గోటితో ఒక కొస నుంచి ఇంకో కొసదాకా పోగులు లెక్కపెట్టాడు. వాకిట్లోకి పోయి ఎండకు పట్టి చూశాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పెదవి వెంటనే వంకర తిరగలేదు. నర్సింగమ్మ ఆశ్చర్యపోయింది. ఈసారి అంటాడా ఏమి?

"గిది వాడే నేసిండా?" అన్నాడు.

"ఆయన చేత్తోనేనట అన్నా" అంది అండాలు సంబరంగా.

అప్పుడు తిరిగింది పెదవి. చెవిని అందుకుంటుందేమో అన్నంత దూరం పోయింది. "వీని చేతులు పడిపోను! ఊరి పరువు తీసిండు. నేను పోతున్న."

"ఎటు?" అంది నర్సింగమ్మ.

"నేపాలకు. చెంప పగలగొట్టొస్త."

"అదేడున్నదో ఎర్కనా?"

"ఉత్తరాన. తొవ్వ రైలు నడిపేటోనికి ఎర్కుంటది. నాకెందుకు?"

"సగం చీర మగ్గం మీదున్నదయ్యా!"

"ఉండనీ. అది యాడికి పోదు. నేను పోత."

గొంగడి, జొన్నరొట్టెలు, కారంపొడి మూట, తువ్వాలు, చిరునామా ఉన్న పార్సిలు గుడ్డ, అన్నీ సంచిలో వేసుకున్నాడు. అటక మీది నూనె సీసా కూడా దించుకున్నాడు. అది కీళ్ల నొప్పులకు ఆకులు వేసి కాచిన నూనె. "నూనెందుకు? నెత్తి మీద నాలుగెంట్రుకలు లేకపాయె!" అంది నర్సింగమ్మ. ఆయన సీసా మూత బిగించి సంచిలో దోపాడు.

అండాలుకు సంబరం పోయి భయం పట్టుకుంది. బస్సుదాకా వెంటబడింది. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. దొరలొచ్చే యాళ్లకు నువ్వు పోయి నోరు తెరిస్తే ఆయన నౌకరి ఊడుతది."

"ఊడనీ" అని గండయ్య బస్సెక్కాడు.

తువ్వాలు బాగాలేదని తిట్టడానికి దేశం దాటిపోయిన మనిషి ప్రపంచంలో ఇంకొకడు ఉన్నాడో లేడో తెలియదు. వెంకటయ్య హోటల్లో మాత్రం అది దేశం దాటడమేనా అని పంచాయితీ మొదలైంది. వెంకటయ్య చాయ పోస్తూ తేల్చేశాడు. "సముద్రం లేదు, పడవ లేదు, పాసుపోర్టు లేదు. టికెట్ కొని రైలెక్కిండు. గది పరదేశమెట్లయితది? గట్లయితే నేను గూడ నెలకోసారి పరదేశమే పోతున్న, చౌటుప్పల్ అంగడికి."

దారిలోంచి ఒకే ఒక కార్డు వచ్చింది. "గంగ చూసిన. నీళ్లు సల్లగున్నయ్. ఒడ్డున ఆరేసిన ధోతులు బాగలేవు." క్షేమం అన్న మాట లేదు. నర్సింగమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకుని, "పానం మంచిగనే ఉన్నది" అని తేల్చుకుంది.

నలభై రోజులకు గండయ్య దిగాడు. చలికి ముక్కు మీద తోలు లేచిపోయింది. గొంగడి సగం అరిగిపోయింది. హోటల్లో జనం మూగారు.

"గండయ్యా, హిమాలయం చూసినవా?"

"చూడకేం? ఎదురుంగనే ఉన్నది."

"ఎట్లున్నది?"

గండయ్య చాయ గుటక వేసి, పెదవి వంకర తిప్పాడు. "తెల్లగనే ఉన్నది. గని గంజి ఎక్కువైంది."

పరదేశం కాదన్న వెంకటయ్య కూడా నోరెళ్లబెట్టాడు. అండాలు జనంలోంచి ముందుకొచ్చింది. "మా ఆయన ఎట్లున్నడన్నా?"

"వాని నేత బాగలేదు. బడి పోరల ముంగట్నే తిట్టిన."

"దొరలొచ్చిన్రా? ఏమన్నరు?"

"దొరలకు నేతేం తెలుస్తది?" అని లేచిపోయాడు.

ఆనాటి నుంచి రెండిళ్ల నడుమ గోడ మీదుగా అటూ ఇటూ తిరిగే పచ్చడి గిన్నె ఆగిపోయింది. అండాలు నర్సింగమ్మ ఎదురుపడితే కొంగు విదిలించి పోయేది. "నీ నోటి కోసం నేనెందుకు పడాలె?" అని నర్సింగమ్మ మొగుడిని అడిగింది. ఆయన కండె పట్టి చూసి, "గట్టిగ చుట్టు" అన్నాడు.

పదిహేను రోజులకు ఇస్రాయేలు సెలవు మీద వచ్చాడు. నెత్తి మీద రంగుల నేపాలీ టోపీ. గండయ్య నూలు తేవడానికి పోయి ఇంట్లో లేడు. ఇస్రాయేలు గుమ్మంలో అటూ ఇటూ చూసి, టోపీ తీసి చంకలో దాచుకున్నాడు.

"లేడు, పెట్టుకో" అంది నర్సింగమ్మ. "ఏం చేసొచ్చిండు తమ్మీ? మారయ్య నౌకరి పీకించిండా?"

ఇస్రాయేలు కూర్చున్నాడు. గోడ అవతల అండాలు రాట్నం చప్పుడు ఆగిపోయింది.

"అసలు ఖాట్మండు దాక వచ్చుడే గొప్ప వొదినె! సరిహద్దు కాడ గండయ్యన్న పోలీసాయన నెత్తి మీది టోపీ గుంజి, తిరగేసి, 'ఎనుక పోగులన్ని ఏలాడుతున్నయ్, గిదెవలు నేసిన్రు?' అని తురకంల అడిగిండట. ఠాణాల కూసోపెట్టిన్రు. తీరా చూస్తే ఆ టోపీ పోలీసాయన పెండ్లాం నేసిందట. ఆయన గండయ్యన్నను పక్కకు తీస్కపోయి, 'నేను గూడ ఇదే మాటంటి భాయ్, మూడు రోజులు బువ్వ పెట్టలే' అని, తానే లారీ ఎక్కించిండు."

నర్సింగమ్మకు ఆ పోలీసు పెళ్లాం మీద గౌరవం కలిగింది. మూడు రోజులు పస్తు పెట్టవచ్చని ముప్పై ఏళ్లలో తనకెప్పుడూ తోచలేదు.

"బడిలకు వచ్చుడు వచ్చుడే మారయ్య మీద పడ్డడు. 'లే మగ్గం మీంచి! నువ్వు పంతులువారా? నేను చూపిస్త. నేనున్నన్ని దినాలు నువ్వు మగ్గం ముట్టొద్దు. పక్కన నిలవడి నోటితోని చెప్పు, గదే నీకు శిక్ష' అన్నడు. పోరలంత బెదిరిన్రు. నాకు మస్తు కోపమొచ్చింది. ఇరవై దినాలు మారయ్య నిలవడి చెప్పుడు, ఈయన కూసోని నేసుడు. దొరలకు చూపే బట్టంత గట్లనే తయారైంది."

"నా మొగన్ని కూలోని లెక్క నిలవెట్టిండా!" గోడ మీదుగా అండాలు తల లేచింది.

"జర ఆగు చెల్లె. అసలు ముచ్చట నాకు గూడ గండయ్యన్న పోయినంక మారయ్య చెప్పిండు. పక్క అర్రల పండేటోన్ని, నాకే తెల్వదు. రెండు నెలల సంది మారయ్య ఎడమ భుజం లేస్తలే. చలికి పట్టేసింది. తెలిస్తే వాపసు పంపుతరని ఎవలకు చెప్పలే. నొప్పికి పండ్లు బిగవట్టుకోని ఆ తువ్వాల నేసిండు. పోగును దగ్గరికి కొట్టే చెయ్యి అదే గద? మూరకొకసారి ఆగిండట. ఎడమ పక్కన పోగు వదులుగ వడ్డదట. గది ఇక్కడ కూసోని ఈయన గోటితోని పట్టిండు."

నర్సింగమ్మ అటక మీది నూనె సీసా వైపు చూసింది.

"అందరి ముంగట తిట్టి లేపిండు గనక, చెయ్యి పడిపోయిందని ఎవలకు అనుమానం రాలే. ఈ నోటి పీడ ఎప్పుడు పోతదా అనే అనుకున్నరు. పొద్దుమాపు నూనె రాసిండట, తలుపేసుకోని. దొరలొచ్చేనాటికి భుజం లేచింది. మారయ్యే కూసోని వాళ్ల ముంగట మూరెడు నేసి చూపిండు. ఇంకో రెండేండ్లు ఉండుమన్నరు."

"మరి నాకు చెప్తే ఏం పోయె?" అంది అండాలు.

"మారయ్య గూడ గదే అడిగిండట. 'చెప్తే అండాలు ఏడుస్తది, ఏడిస్తే బువ్వ తినది. నన్ను తిట్టుకుంటే రెండు ముద్దలు ఎక్కువనే తింటది' అన్నడట."

అండాలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత, "అక్కా, నన్ను నాలుగు దినాలు మగ్గం మీంచి లేపిండు సూడు, అప్పుడు నాకు చలిజరం" అంది. అని లోపలికి పోయింది. కాసేపటికి గోడ మీద పచ్చడి గిన్నె ప్రత్యక్షమైంది. గిన్నె పెద్దది.

పొద్దు వాలేముందు గండయ్య నూలు మూటతో వచ్చాడు. ఇస్రాయేలు టోపీ దాచుకునే లోపలే అది గండయ్య చేతిలోకి పోయింది. తిరగేసి చూశాడు. "రెండు దేశాలు తిరిగినా బుద్ధి రాలే నీకు" అని విసిరేసి మగ్గం గుంటలోకి దిగాడు. నర్సింగమ్మ చుట్టిపెట్టిన కండె తీసి, బొటనవేలితో నొక్కి, పెదవి వంకర తిప్పాడు.

"వదులుగున్నది. గిది చుట్టుడేనా? చేతులల్ల సత్తువే లేదా?"

నర్సింగమ్మ నోట్లో తిట్టు తయారుగానే ఉంది. మింగేసింది. ఈ మాట ఆయన తిరిగొచ్చిన పదిహేను రోజులుగా అంటున్నాడు. ఆమె మణికట్టు కూడా పదిహేను రోజులుగానే నొస్తున్నది. ఎవరికీ చెప్పలేదు.

ఆమె లేచి వచ్చి మగ్గం పక్కన కూర్చుని, కుడి చెయ్యి ఆయన ముందుకు చాపింది.

తిట్టు రావలసిన చోటికి చెయ్యి వచ్చేసరికి గండయ్య తడబడ్డాడు. ముప్పై ఏళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. "ఏందే?" అన్నాడు.

"నూనె సీస. నేపాల్ దాక మోస్కపోయినవ్ గద, అటక దాక పోతే అరిగిపోతవా?"

గండయ్య గుంటలోంచి లేచాడు. పోతూ పోతూ, అలవాటు చొప్పున, ఆమె కొంగు పట్టి నలిపాడు. పెదవి కదిలింది.

"అను" అంది నర్సింగమ్మ. "మంచిగున్నదను. ఒక్కసారి అను, సస్తవా?"

"అంచు గుంజుకపోయింది" అని గండయ్య అటక ఎక్కాడు.