పడమటి హద్దు

వీధిలో అందరికీ ఆమె మిషనక్క. పాతికేళ్ళుగా పెద్దాయన ఇంటి వెనక గదిలో కుట్టు మిషను తొక్కుతోంది. అక్కడే వండుకుంటుంది, అక్కడే పడుకుంటుంది. అద్దె ఇవ్వబోతే పెద్దాయన కసురుకునేవాడు. "ఇంటి మనిషివి, అద్దేమిటి?" అనేవాడు. ఇంటి మనిషే గానీ, ఆ హాల్లో ఆమె ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. కొలతలు కూడా గుమ్మం దగ్గర నిలబడే తీసుకునేది.

పెద్దాయన పోయిన నెలకి కొడుకులిద్దరూ ఇల్లు పంచుకోవడానికి దస్తావేజుల లేఖరిని పిలిపించారు. ఆమెకీ కబురు వెళ్ళింది.

"అక్కా, నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని ఇక్కడో సంతకం పెట్టు," పెద్దకొడుకు కాగితం జరిపాడు. "అది పడగొట్టి కారు షెడ్డు వేస్తున్నాం."

"మిషను ఎక్కడ పెట్టుకోను తమ్ముడూ?"

"నెత్తిన పెట్టుకుని ఊరేగు," చిన్నకొడుకు నవ్వాడు.

మెడలో వేలాడుతున్న టేపును ఆమె వేలికి బిగించి చుట్టుకుంది. వేలి కొస తెల్లబడింది.

"ముందు నాన్నగారి విల్లులో హద్దులు చదవనివ్వండి," లేఖరి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "తూర్పు, వీధి. ఉత్తరం, పాలవాళ్ళ ప్రహరీ. దక్షిణం, సందు. పడమర, బట్టలు కుట్టే ఆమె సొంత గది గోడ."

"సొంతమా?" పెద్దకొడుకు లేచాడు. "ఎవడు రాశాడది?"

"నేనే రాశాను. గదిని ముందే దానపత్రంతో ఈమె పేర రిజిస్టరు చేయించి, మిగతాదానికి ఈ విల్లు రాయించారు. పుచ్చుకున్నట్టు ఈమె సంతకం కూడా ఉంది."

"ఎంత నంగనాచివే!" చిన్నకొడుకు అరిచాడు.

"సాక్షి సంతకమన్నారు బాబాయి..." అందామె. ఆరేళ్ళ కిందట పెద్దాయన రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళి, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. చదవలేదు. చదివితే వద్దంటుందని ఆయనకి తెలుసు.

పెద్దకొడుకు ఒక కుర్చీ ఆమె వైపు లాగాడు.

"కూర్చోండి. ఎంతకిస్తారో మీరే చెప్పండి."

ఆ 'మీరు' వినగానే ఆమె ఒళ్ళు చల్లబడింది. బడికి వేళవుతోందని ఇతగాడు గంతులేస్తుంటే, ఊడిన గుండీలు ఒంటి మీదే కుట్టి పంపేది.

"ఇవ్వను తమ్ముడూ," అంది.

బల్ల మీది కాగితం తీసుకుని, నిలబడే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. సంతకం చేయకుండా తిరిగి అక్కడే పెట్టింది. గదికి వెళ్ళి, ఆ ఇంట్లో మొదటిసారిగా పట్టపగలు లోపల గడియ పెట్టుకుంది.